అంతర్యామి బ్రాహ్మణమున పరతత్త్వ నిరూపణము

పరతత్త్వ మెట్టిదని విచారించువారికి ఉపనిషత్తులలో రెండు తెగల వాక్యములు కానవచ్చును. కొన్ని జీవబ్రహ్మముల ఐక్యమును చెప్పును. కొన్ని ఈశ్వరుడు వేఱు, జీవుడు వేఱు, ప్రకృతి వేఱు అని విభజించును. ఇది పండితుల వాదమునకు మాత్రమే చెందిన చిక్కు కాదు. సర్వమును బ్రహ్మమే యైనచో ఇంట తులసిదళము సమర్పించువా డెవడు, స్వీకరించువా డెవడు? కేవలము భేదమే సత్యమైనచో శ్రుతి ఏకత్వమును అంత గట్టిగా ఏల చెప్పవలెను? గృహస్థుని ఆరాధనకు అర్థము కలుగుట యీ సమాధానముపై ఆధారపడియున్నది.

సంప్రదాయానుసారము క్రీ.శ. 1017లో శ్రీపెరుంబూదూరున అవతరించిన భగవద్రామానుజులు ఒక తెగను ముఖ్యముగను, మఱియొక తెగను గౌణముగను చేయుట కంగీకరింపలేదు. రెంటిని కలుపు వాక్యములను శ్రుతియందే చూపిరి. వీనికి ఘటకశ్రుతులని పేరు. వానిలో బృహదారణ్యకము మూడవ అధ్యాయమందలి అంతర్యామి బ్రాహ్మణము ప్రధానమైనది.

జనకుని సభలో ఉద్దాలకుడు, సర్వభూతములను లోపలనుండి నియమించువా డెవడని యాజ్ఞవల్క్యుని ప్రశ్నించెను. యాజ్ఞవల్క్యుడు పృథివితో ఆరంభించి జలము, అగ్ని, వాయువు, సూర్యుడు, వాక్కు, కన్ను, మనస్సు అని ఒక్కొక్కదానిని చెప్పుచు పోయెను. ప్రతిచోటను భావ మొక్కటియే: దానియందుండియు దానికంటె వేఱైనవాడు, దానిచే ఎఱుగబడనివాడు, దానినే శరీరముగా గలిగి లోపలనుండి నడపువాడు. అతడే ప్రశ్నించిన ఉద్దాలకునికిని ఆత్మ.

ఇచట నొక పాఠభేదము కలదు. శుక్లయజుర్వేదమున కాణ్వులు 'విజ్ఞానము' అని పఠించుచోట మాధ్యందినులు 'ఆత్మ' అని పఠింతురు. (తెలుగునాట తైత్తిరీయులే అధికులగుటచే ఈ భేదము మన శ్రోతలలో పలువురి చెవిని పడదు.) మాధ్యందిన పాఠమున జీవాత్మయే పరమాత్మకు శరీరమని కంఠోక్తిగా తేలుచున్నది. కాణ్వుల విజ్ఞానశబ్దమునకును జీవుడే అర్థము. బాదరాయణుడు అంతర్యామ్యధికరణమున, ఉభయశాఖలవారును అంతర్యామిని జీవునికంటె వేఱుగానే చెప్పుచున్నారని సూత్రించెను. ఈ భేదము ఉపాధికృతమని అద్వైతులు వ్యాఖ్యానింతురు. మాధ్యందిన పాఠమును ఎదుట నుంచుకొని చూచిన, ఆ వ్యాఖ్య నిలుచుట కష్టమని నా అభిప్రాయము.

శరీరమనగా కాలుసేతులు గల పిండమని తలపరాదు. శ్రీభాష్యము ననుసరించి, ఒక చేతనునిచే ధరింపబడి, నియమింపబడి, అతని కొఱకే ఉండు ద్రవ్యము అతనికి శరీరము. లోకవ్యవహారమును చూడుడు. 'బాలుడు చదువుచున్నాడు' అందుము. బాల్యము దేహమునది, చదువు ఆత్మది. దేహమును చెప్పు మాట దేహముతో ఆగక లోనున్నవాని వఱకు పోవుచున్నది. అట్లే జగత్తును జీవుని చెప్పు శబ్దములన్నియు వాని అంతర్యామి వఱకు పోవును. ఐక్యవాక్యములకు అర్థమిదియే. తులసిదళమును, దానిని పట్టిన చేయియు, సమర్పించు జీవుడును నిజముగా వేఱువేఱు వస్తువులే. అయినను అన్నియు ఆయన శరీరమే.

అట్లైన జగత్తునందలి దుఃఖము భగవంతు నంటదా? ఈ ఆక్షేపము తేలికైనది కాదు. దేహసంబంధ మాత్రముచే దుఃఖము కలుగదు, కర్మవశ్యతచే కలుగును. చెఱసాలలో శిక్ష ననుభవించువాడును ఉండును, దానిని నడపు అధికారియు ఉండును. తలుపు లొక్కటియే, గోడ లొక్కటియే. జీవుడు కర్మచే దేహమున బంధింపబడెను. ఈశ్వరుడు తన సంకల్పముచే లోననున్నాడు. అంతర్యామిని పేర్కొనిన ప్రతిసారియు యాజ్ఞవల్క్యుడు అమృతుడను విశేషణమును విడువకుండుట ఇందువలననే యని తోచుచున్నది.