పడని ఆహారము – మన బాధ్యత

పాఠ్యభాగము: 1 కొరింథీ. 8వ అధ్యాయము



ప్రేమవిందులో ఒక బిడ్డ వేరుశనగ పచ్చడి వద్దన్నప్పుడు, కొంచెము తినుమని మనము బలవంతపెట్టుచుందుము. అది మారాము కాకపోవచ్చును. ఒక బిడ్డకు బలమిచ్చు పాలు, గ్రుడ్డు, వేరుశనగ, రొయ్య మరియొక బిడ్డకు పడకపోవచ్చును. దీనినే అలర్జీ అందురు.

తినిన కొద్ది నిమిషములు మొదలుకొని 2 గంటలలోపల దద్దురులు, పెదవుల వాపు, వాంతులు కనబడినయెడల, ఏమి తినెనో గుర్తుంచుకొని వైద్యునికి చెప్పవలెను. ఆయన వద్దన్నదానినే మాన్పవలెను. మన ఊహచొప్పున అన్నియు మాన్పినయెడల బిడ్డ క్షీణించును.

ఊపిరాడకున్నను, పిల్లికూతలు వచ్చినను, సొమ్మసిల్లినను దిష్టియని కాలము గడుపరాదు. బిడ్డను నడిపింపక వెంటనే 108కి ఫోను చేయవలెను. అట్టి వేళ ముందుగా కావలసినది ఆసుపత్రిలోని అడ్రినలిన్ సూదిమందు. ప్రార్థించుచునే ఆసుపత్రికి పోవుదము. ఔషధమును దేవుని యీవియే.

బలహీనుడైన సహోదరుని మనస్సాక్షి నిమిత్తము పౌలు మాంసమునే మానుటకు సిద్ధపడెను. చిన్నబిడ్డ ప్రాణము నిమిత్తము మనము ఒక పచ్చడి మానలేమా? ఇకమీదట విందు వంటకు ముందే, ఏ బిడ్డకు ఏది పడదో తల్లులను అడిగి తెలిసికొందము.