పూరీ ఒడ్డున ముత్యాలవాళ్లు చుట్టుముడితే

జగన్నాథుడి దర్శనం అయ్యాక స్వర్గద్వారం దగ్గర ఇసుకలో కాసేపు కూర్చుందామనుకుంటాం. ముత్యాలు, శంఖాలు, టీ, రసగుల్లా, ఒంటె సవారీ వరసగా మన దగ్గరికే నడిచొస్తాయి. చిరాకుపడి లాభం లేదు, వాళ్లకు ఆ ఇసుకే అంగడి. మనం తటపటాయించినంతసేపూ వాళ్లు కదలరు. ఆ తటపటాయింపు తగ్గించుకోవడానికే ఈ చిట్కాలు.

1. కొననిది చేతిలోకి తీసుకోవద్దు. "ఊరికే చూడండమ్మా" అని దండ చేతిలో పెడతారు, తిరిగిస్తే ఓ పట్టాన తీసుకోరు. పిల్లల చేతికి బుడగ అందిస్తే వెంటనే మీరే తీసి ఇచ్చేయండి. ఏడుపు మొదలైందా, ఇక కొన్నట్టే.

2. "తర్వాత చూద్దాం" అనే మాట అసలు వద్దు. మనం మర్యాదకు అంటాం, అవతల మనిషి మాట ఇచ్చామనుకుంటాడు. అరగంటకు మళ్లీ వచ్చి "చూస్తామన్నారు కదా" అంటే తప్పు అతనిది కాదు. ఒడియాలో "దర్కార్ నాహిఁ, భాయి" అని ఒక్కసారి నవ్వుతూ చెప్పి సముద్రం వైపు తిరగండి. కారణాలు మాత్రం చెప్పకండి. డబ్బుల్లేవంటే ధర దిగుతుంది, ఇంట్లో ఉందంటే సంచిలోంచి ఇంకో రకం బయటికొస్తుంది.

3. బేరం గురించి తెలుగులో గుసగుసలాడకండి. "రెండొందల దాకా ఇద్దాం" అని మీరు మీ ఆయనతో అన్న మాట ఎదుటివాళ్లకు అర్థమై ఉండొచ్చు. ఈ ఒడ్డుకు తెలుగు కొత్త కాదు. మొనదేలిన టోపీ పెట్టుకుని యాత్రికులకు సముద్రస్నానం చేయించే నూలియాలు ఆంధ్ర తీరం నుంచి వలసపోయిన జాలరి కుటుంబాలవాళ్లే. వాళ్ల ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఎంత ఇవ్వాలో గదిలోనే అనుకుని బయల్దేరండి.

4. లైటర్ పరీక్షకు మోసపోవద్దు. ముత్యం కింద మంట పెట్టి "చూడండి, కాలలేదు" అంటారు. గాజు పూస కూడా కాలదు! అది ప్లాస్టిక్ కాదని తేలిందంతే. రెండు పూసలు ఒకదానికొకటి మెల్లగా రుద్దండి. అసలు ముత్యమైతే సన్న ఇసుకలా గరగరలాడుతుంది, నకిలీది నున్నగా జారుతుంది. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే గుండ్రంగా, ఒకే మెరుపుతో ఉన్నా అనుమానించాల్సిందే. సరదాకి వేసుకునే పూసల దండగా, పూసల ధరకే కొంటే మాత్రం ఏ బాధా లేదు. మా ఇంట్లో పిల్లలకు అలాంటివే ఇష్టం.

5. దక్షిణావర్త శంఖమంటూ వేలల్లో ధర చెబితే నమస్కారం పెట్టేయండి. మన సముద్రపు శంఖాల్లో అలా ఎదురువైపు చుట్టు తిరిగినది చాలా అరుదు. అమెరికా తీరాల్లో పుట్టుకతోనే అటువైపు తిరిగే వేరే జాతి గుల్లలున్నాయి, వాటినే ఆ పేరుతో అంటగడతారు. పగడపు కొమ్మలు, ఎండిన సముద్రపు గుర్రాలు చూపిస్తే ముట్టుకోనే వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి అమ్మకం, కొనుగోలు రెండూ నేరమే.

6. ఒంటె, కుర్చీ, ఫొటో: మూడింటికీ ధర ముందే తేల్చుకోవాలి. ఒంటె రేటు మనిషికా, అందరికీ కలిపా? ఎక్కడిదాకా తిప్పి తెస్తాడు? కుర్చీ గంటకెంత? ఫొటోలు ఎన్నో చెప్పకపోతే కెమెరా ఆగదు, ప్రతి కాపీకీ లెక్క కడతారు.

7. కొనాలనుకున్నది లేచి వెళ్లేటప్పుడు కొనండి. కూర్చున్నచోటే పర్సు తీస్తే చుట్టుపక్కలవాళ్లంతా అటే వస్తారు. పది, ఇరవై నోట్లు పర్సులో కాక విడిగా జేబులో ఉంచుకోండి. టీ అబ్బాయి దగ్గర మాత్రం బేరాలొద్దు. ఆ ఎండలో కెటిల్ మోసుకుంటూ మీ కాళ్ల దగ్గరిదాకా తెచ్చినందుకు అతనడిగింది ఇచ్చేయండి.