టీకా మందు ఇల్లు మారితే

భీమవరం వైపు రొయ్యల పెట్టెలను లారీకి ఎత్తడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక వరుస రొయ్యలు, ఒక వరుస ఐసు. ఐసు ఎంత దండిగా వేస్తే సరుకు అంత బాగుంటుంది.

ఇప్పుడొక ప్రశ్న. మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కొత్త భవనం కట్టారనుకొందాం. పాత గదిలోని టీకా మందులను కొత్త గదిలోని కొత్త ఫ్రిజ్‌లోకి చేర్చాలి. అసలే రోహిణి కార్తె. రొయ్యలకు వేసినట్లే ఐసు వేసి తీసుకుపోతే సరిపోతుందా?

తరగతిలో అడిగితే చాలామంది "సరిపోతుందండీ" అంటారు. సరిపోదు. ఎందుకో చూద్దాం.

రెండు వైపులా ప్రమాదమే

టీకా మందులను ఆరోగ్య కేంద్రంలో 2 నుంచి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉంచాలి. పోలియో చుక్కల మందు వేడికి త్వరగా చెడిపోతుంది, గడ్డకడితే మాత్రం నష్టం లేదు. పెంటావాలెంట్, హెపటైటిస్-బి, టి.డి. టీకాల సంగతి వేరు. అవి గడ్డకడితే పాడైపోతాయి. వాటిలో అల్యూమినియం లవణపు సూక్ష్మ కణాలు ఉంటాయి. మందులోని ముఖ్య పదార్థం ఆ కణాలను అంటిపెట్టుకొని ఉంటుంది. నీరు మంచుగా మారేటప్పుడు మంచు స్ఫటికాలు ఈ కణాలను ఒకచోటికి నెట్టివేస్తాయి. అవి ముద్దకడతాయి. మంచు కరిగినా ముద్దలు విడిపోవు.

సీసా మీద ఒక వృత్తం, దాని మధ్య ఒక చదరం ఉంటాయి. చదరం వృత్తం కంటే లేతగా ఉన్నంత వరకే మందు వాడాలి. కాని ఆ గుర్తు వేడిని మాత్రమే పట్టి చూపుతుంది, చలి దెబ్బను చూపదు. అంచేత గడ్డకట్టి కరిగిన సీసా పైకి మంచిదానిలాగే కనిపించవచ్చు. సూది వేస్తారు, పసివాడు ఏడుస్తాడు, కార్డులో తేదీ రాస్తారు, తల్లి నిశ్చింతగా ఇంటికి వెళుతుంది. కాని ధనుర్వాతం నుంచి, కంఠసర్పి నుంచి ఆ బిడ్డకు తగినంత రక్షణ దొరకకపోవచ్చు.

ముందు కొత్త ఇల్లు సిద్ధం కావాలి

ఈ మందులు ఉంచే ఫ్రిజ్‌ను ఐ.ఎల్.ఆర్. అంటారు. దాని గోడల లోపల చుట్టూ మంచు ఉంటుంది. అందుచేత రోజుకు 8 గంటలు కరెంటు ఉన్నా చల్లదనం నిలుస్తుంది. మూత పైవైపున ఉంటుంది. చల్లని గాలి బరువైనది కనుక, మూత తీసినా త్వరగా బయటికి పోదు.

కొత్త పెట్టెను దింపగానే స్విచ్ వేయకూడదు. కంప్రెసర్‌లోని నూనె అడుగుకు చేరేందుకు కొన్ని గంటలు కదలకుండా నిలపాలి. గోడకు కనీసం 10 సెంటీమీటర్ల దూరం ఉండాలి, స్టెబిలైజరు ఉండాలి. తర్వాత ఖాళీగానే నడుపుతూ, ఉదయం సాయంత్రం థర్మామీటరు చూసి పుస్తకంలో రాయాలి. ఉష్ణోగ్రత 2, 8 డిగ్రీల మధ్య నిలకడగా ఉందని తేలాకే మందులు కదపాలి.

ఐసుకు చెమట పట్టాలి

డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్ మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉండవచ్చు. వెంటనే సీసాల పక్కన పెడితే మందు గడ్డకడుతుంది. అంచేత దానిని కొంతసేపు బయట ఉంచాలి. పైన చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడాలి. ఐసూ నీరూ కలిసి ఉన్నంతసేపూ ఉష్ణోగ్రత 0 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది.

"చల్లదనమంతా వృథా కాదా, మాస్టారూ?" అంటారేమో. లెక్క వేద్దాం. ప్యాక్‌లో 400 గ్రాముల ఐసు ఉందనుకోండి. మంచు విశిష్టోష్ణం 0.5. మైనస్ 20 నుంచి 0 డిగ్రీలకు రావడానికి 400 × 0.5 × 20 = 4,000 కెలోరీలు. ద్రవీభవన గుప్తోష్ణం గ్రాముకు 80. అంతా కరగడానికి 400 × 80 = 32,000 కెలోరీలు. మొత్తం 36,000లో మనం వదులుకున్నది తొమ్మిదో వంతు, దాంతో పాటు చప్పుడు వినిపించేంత కొద్ది నీరు!

ఇక చల్లని ఉదయం పూట సీసాలు లెక్కపెట్టి, బ్యాచి నంబరు, గడువు తేదీ రాసుకొని, ఐసును తాకకుండా కోల్డ్‌బాక్స్‌లో సర్దాలి. మధ్యలో థర్మామీటరు పెట్టాలి. దారిలో మూత తీయకూడదు. కొత్త ఐ.ఎల్.ఆర్.లో, గడ్డకడితే చెడే మందులను పైబుట్టలలోనే ఉంచాలి. అడుగు భాగం మరీ చల్లగా ఉంటుంది.

1996 నవంబరు 6న వచ్చిన తుపాను తర్వాత కోనసీమలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అలాంటప్పుడు మందులను కరెంటున్న కేంద్రానికి చేర్చేది కూడా ఈ పద్ధతిలోనే.

మీరే చేసి చూడండి

రెండు గిన్నెలలో గడ్డపెరుగు తీసుకోండి. ఒకటి ఫ్రిజ్ కింది అరలో, ఒకటి పైన ఐసు గడ్డకట్టే అరలో రాత్రంతా ఉంచండి. ఉదయం రెండోది కరగనిచ్చి, రెంటినీ పోల్చండి. గడ్డకట్టినది పలుకులు పలుకులుగా విరిగి, నీరు వేరుపడుతుంది. ఎంత కలిపినా మునుపటి పెరుగు కాదు. టీకాలో జరిగేది అచ్చంగా ఇదే కాకపోయినా, ఒక్కసారి విరిగినది మళ్లీ అతకదన్న సంగతి మాత్రం రెండింటికీ ఒక్కటే.