జలప్రవేశమునకు ముందు

విద్యార్థులారా! చేతితో నిర్మించుకొన్న పడవకు పాతకాలపు మోటారును బిగించి మొదటిసారి నీటిలోనికి దింపుట ఉత్సాహకరమైన కార్యము. కాని గట్టుమీద కంటబడని లోపము నడిమడుగున బయటపడినచో ప్రాణాపాయము కలుగవచ్చును. కావున జలప్రవేశమునకు ముందు చేయదగిన పరీక్షలను, వాని వెనుకనున్న శాస్త్రమును ఈ పాఠమున తెలిసికొందము.

పడవ వెలుపల తగిలించు మోటారును జనసామాన్యమునకు అందుబాటులోనికి తెచ్చినవారిలో ఓలే ఎవిన్‌రూడ్ ముఖ్యుడు. ఇతడు 1877లో నార్వే దేశమున జన్మించి, బాల్యముననే అమెరికా చేరెను. 1909లో మిల్వాకీ నగరమున ఇతడు విక్రయింప నారంభించిన మోటారు ఒకటిన్నర అశ్వశక్తి గలది. బరువు 62 పౌనులు, అనగా సుమారు 28 కిలోలు. సొంతముగా పడవ చేసికొన్నవాడు దానిని వెనుక పలకకు బిగించుకొని, పని తీరగానే విప్పి ఇంటికి తీసికొని పోగలిగెను. నేడు మన తీరమున ఫైబరు పడవలకు అమర్చు మోటారులును ఈ పద్ధతివే.

మొదట పడవను పరీక్షింపవలెను. పలకలు కూర్చి చేసిన పడవ ఎండలో నిలిచినచో కర్ర ముడుచుకొని సందులు విచ్చును. దానిని ఒడ్డున లోతు లేని నీటిలో కట్టివేసి ఒకటి రెండు దినములు నాననిచ్చినచో కర్ర ఉబ్బి సన్నని సందులు మూసికొనును. అప్పటికిని నీరు ఊరుచున్నచో సందులను మరల పూడ్వవలెను. ప్లైవుడ్డు ఇట్లు ఉబ్బి అతుకులను మూయదు. వానిని ముందే జిగురుతోను, రంగుతోను భద్రపరుపవలెను.

ఇక బరువు సంగతి. తేలు వస్తువు తన బరువునకు సమానమైన బరువు గల నీటిని తొలగించునని ఆర్కిమిడీసు సూత్రమువలన మీరెరుగుదురు. 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు గల పెట్టెవంటి పడవను ఊహింపుడు. అది 1 సెంటీమీటరు మునిగినచో 0.03 ఘనపు మీటరు, అనగా 30 కిలోల మంచినీరు తొలగును. పడవ 80, మోటారు 20, ఇంధనము మొదలగునవి 10, ఇద్దరు మనుష్యులు 120, వెరసి 230 కిలోలు. పడవ 8 సెంటీమీటర్లకు కొంచెము తక్కువగా మునుగును. 60 కిలోల మూడవ మనుష్యుడెక్కినచో మరి 2 సెంటీమీటర్లు దిగును. ఇది స్వల్పమని తలపరాదు. మోటారు, ఇంధనము, నడుపువాడు వెనుకనే చేరినచో పడవ ముందుభాగము లేచి వెనుకభాగము క్రుంగును. మోటారు బిగించుటకై వెనుక పలకను తగ్గించి కోసిన చోటినుండియే నీరు లోపలికి వచ్చును. అందుచే బరువులను ముందునకు సర్ది, పడవను సమముగా నిలుపవలెను.

తరువాత మోటారు. పాతవానిలో పెక్కు రెండు స్ట్రోకుల యంత్రములు. పెట్రోలులో కలిపిన నూనెయే వాని పిస్టనును, బేరింగులను తడుపుచుండును. 1950ల నాటి పలు మోటారులకు 24 పాళ్ల పెట్రోలునకు 1 పాలు నూనె కలుపవలసియుండెను. తరువాతివానిలో పెక్కింటికి 50 పాళ్లకు 1 పాలు చాలెను. 6 లీటర్ల పెట్రోలునకు మొదటి లెక్కను 250 మిల్లీలీటర్లు, రెండవ లెక్కను 120 మిల్లీలీటర్లు మాత్రమే. పాత యంత్రమునకు కొత్త లెక్కను వాడినచో నూనె చాలక అది అరిగి బిగిసిపోవును. కావున తయారుచేసినవారు చెప్పిన పాళ్లనే పాటింపవలెను.

యంత్రమును చల్లార్చుటకు నీటిని పైకి తోడు రబ్బరు చక్రము ఏండ్లు గడచినకొలది గట్టిపడి పగులును. కావున మోటారును నీరు నింపిన పీపాలో నిలిపి నడిపి, చల్లార్చిన నీరు బయటికి వచ్చుచున్నదో లేదో చూడవలెను. నీరు లేకుండ నడుపరాదు. తిరుగుచున్న ప్రొపెల్లరు దరికి చేయి పోనీయరాదు. ప్రొపెల్లరు రాతికి తగిలినపుడు ముందుగా విరిగి పండ్లచక్రములను కాపాడు మెత్తని లోహపు పిన్ను ఒకటి పలు మోటారులలో నుండును. దానికి బదులు ఇనుప మేకు దూర్చుట తగదు. సరియైన పిన్నులను అదనముగా వెంట నుంచుకొనవలెను. మోటారు జారిపడకుండ దానిని పడవకు తాడుతో కూడ కట్టవలెను.

పాత మోటారులలో కొన్నింటికి న్యూట్రలు లేదు. తాడు లాగి ప్రారంభించిన క్షణముననే పడవ ముందునకు దూకును. కావున ఎదుట ఎవరును లేరని చూచుకొని, అందరును కూర్చున్న పిమ్మటనే తాడు లాగవలెను. పిడిని ఎడమకు త్రిప్పినచో పడవ కుడికి తిరుగునని ముందే జ్ఞాపకముంచుకొనవలెను.

పెద్దల తోడు లేనిదే ఈ ప్రయత్నము కూడదు. గాలి లేని ఉదయమున, లోతు తక్కువైన చోట, మొదట తెడ్లతోనే పడవను నడిపి చూడవలెను. ఈత వచ్చినవారును ప్రాణరక్షక కవచము ధరింపవలెను. నీరు తోడు డబ్బా, పొడవైన తాడు, రెండు తెడ్లు పడవలో నుండవలెను. ఏటిలోనైనచో మొదట ఒడ్డు వెంబడి ఎదురీతగా పోవలెను. మోటారు ఆగినను ప్రవాహమే బయలుదేరిన వైపునకు తెచ్చును, తెడ్లతో ఒడ్డు చేరవచ్చును. మొదట ప్రవాహము వెంట పోయినచో, అలసిన చేతులతో ఎదురీదవలసి వచ్చును.

అభ్యాసము: ఘనపు మీటరు సముద్రజలము సుమారు 1025 కిలోలు తూగును. ఇద్దరు మనుష్యులున్న పై పడవ సముద్రమున ఎంత మునుగునో లెక్క కట్టుడు. మంచినీటిలోకంటె ఎక్కువయా, తక్కువయా? కారణము వ్రాయుడు.