మరోదా నుంచి ఒక లెక్కల పాఠము – సంఖ్యలను సవరించడం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని దుర్గ్ జిల్లాలో, భిలాయి ఉక్కు నగరపు అంచున మరోదా ఉన్నది. ఉక్కు కర్మాగారానికి కావలసిన నీటిని నిలువ చేసే జలాశయమూ, భారత సోవియట్ దేశాల స్నేహానికి గుర్తుగా 1972లో వెలసిన మైత్రీ బాగ్ అనే ఉద్యానవనమూ ఈ ప్రాంతానికి పేరు తెచ్చినవి. కర్మాగారం కొరకు ఉభయ దేశాల మధ్య ఒడంబడిక 1955 ఫిబ్రవరి 2వ తేదీన కుదిరింది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నాటి నుంచి దేశపు నలుమూలల ప్రజలు ఇక్కడికి పని వెదుక్కొంటూ వచ్చి స్థిరపడ్డారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నవి. ఇక్కడి పిల్లలు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరొక భాష వింటూ పెరుగుతారు. భాష ఏదైనా నల్లబల్ల మీది అంకెలు మాత్రం అందరికీ ఒక్కటే.

భిలాయి కర్మాగారం మొదట ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తయారు చేయడానికి ఉద్దేశింపబడింది. తరువాత ఆ సామర్థ్యం ఇరవై అయిదు లక్షల టన్నులకు, పిమ్మట నలభై లక్షల టన్నులకు పెరిగింది. ఇట్లా మనం చెప్పుకొనే పెద్ద సంఖ్యలలో చివర సున్నలు వరుసగా కనబడతాయి. నిజంగా తూచినప్పుడు లెక్క ఇంత చక్కగా సున్నలతో ముగియదు. అయినా గుర్తుంచుకొనడానికి, ఇతరులకు చెప్పడానికి, త్వరగా అంచనా వేయడానికి మనం అసలు సంఖ్యకు దగ్గరలో ఉన్న సులభమైన సంఖ్యను వాడుకొంటాము. దీనినే సంఖ్యను సవరించడం అంటారు. అది ఏ విధంగా చేయవలెనో, ఎక్కడ చేయకూడదో ఈ పాఠంలో తెలుసుకొందాము.

స్థాన విలువ

భిలాయిలో తయారయ్యే రైలు పట్టాలు మన దేశపు రైలుమార్గాలలో విరివిగా వాడుకలో ఉన్నవి. 260 మీటర్ల పొడవు గల పట్టాలను కూడా ఈ కర్మాగారం అందజేస్తున్నది. యూ.ఐ.సి. 60 అనే తరగతికి చెందిన అట్టి పట్టా ఒక్కటి సుమారు 15,688 కిలోగ్రాములు తూగుతుంది. ఈ సంఖ్యనే మన ఉదాహరణగా తీసుకొందాము.

15,688లో ఎనిమిది అనే అంకె రెండుసార్లు వచ్చింది. రెండూ ఒకే అంకె అయినా రెండింటి విలువ ఒకటి కాదు. కుడివైపు చివర ఉన్న ఎనిమిది ఒకట్ల స్థానంలో ఉన్నది గనుక దాని విలువ 8 మాత్రమే. దాని ఎడమన ఉన్న ఎనిమిది పదుల స్థానంలో ఉన్నది గనుక దాని విలువ 80. ఆపైన ఆరు వందలు, అయిదు వేలు, ఒక పదివేలు.

15,688 = 10,000 + 5,000 + 600 + 80 + 8

కుడి నుంచి ఎడమకు ఒక్కొక్క స్థానం జరిగిన కొద్దీ విలువ పదిరెట్లు పెరుగుతుంది. క్రీస్తుశకం 499లో రచింపబడిన ఆర్యభటీయంలో ఆర్యభటుడు ఈ నియమాన్నే చెప్పాడు. పదకొండవ శతాబ్దిలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెలుగు చేసి, ఈ శాస్త్రాన్ని మన భాషలోకి తెచ్చాడు. సవరింపుకు ఆధారం ఈ స్థాన విలువే.

సవరించే పద్ధతి

ఒక సంఖ్యను సవరించే ముందు ‘ఏ స్థానానికి?’ అని ప్రశ్నించుకోవలెను. పదులకా, వందలకా, వేలకా అన్నది తేలనిదే సవరింపు జరుగదు. తేలిన తరువాత మూడు పనులు చేయవలెను.

మొదటిది: సవరించవలసిన స్థానంలోని అంకె కింద గీత గీయండి.

రెండవది: దానికి వెంటనే కుడివైపున ఉన్న అంకెను చూడండి. అది 0, 1, 2, 3, 4లలో ఏదైనా అయితే గీత గీసిన అంకెను మార్చకండి. అది 5, 6, 7, 8, 9లలో ఏదైనా అయితే గీత గీసిన అంకెకు ఒకటి కలపండి.

మూడవది: గీత గీసిన అంకెకు కుడివైపున ఉన్న అంకెలన్నింటి స్థానంలో సున్నలు వేయండి.

ఇప్పుడు 15,688ని సవరించి చూద్దాము.

పదులకు: పదుల స్థానంలో 8, దాని కుడివైపున 8. ఇది అయిదు కంటె ఎక్కువ గనుక పదులు తొమ్మిది అవుతాయి. జవాబు 15,690.

వందలకు: వందల స్థానంలో 6, కుడివైపున 8. జవాబు 15,700.

వేలకు: వేల స్థానంలో 5, కుడివైపున 6. జవాబు 16,000.

పదివేలకు: పదివేల స్థానంలో 1, కుడివైపున 5. జవాబు 20,000.

ఈ నాలుగు జవాబులూ నియమం ప్రకారం సరియైనవే. అయితే చివరి జవాబు అసలు బరువుకు నాలుగు వేల కిలోగ్రాములకు పైగా దూరం పోయింది. ఎంత పెద్ద స్థానానికి సవరిస్తే చెప్పడం అంత తేలిక అవుతుంది. అసలు సంఖ్యకు అంత దూరమూ కావచ్చును. కనుక అవసరాన్ని బట్టి స్థానాన్ని ఎన్నుకోవలెను.

ఈ నియమం ఎందుకు పనిచేస్తుందో సంఖ్యారేఖ గీస్తే తెలుస్తుంది. ఒక గీత గీసి, ఎడమ కొసన 15,000, కుడి కొసన 16,000, సరిగా నడుమ 15,500 గుర్తించండి. 15,688 నడిమి గుర్తుకు కుడివైపున పడుతుంది. అందుచేత దానికి 16,000 దగ్గర. సరిగా నడుమ ఉన్న సంఖ్య రెండు కొసలకూ సమాన దూరంలోనే ఉంటుంది. అట్టి దానిని పైకి సవరించడం బడి లెక్కలలో అందరూ ఒప్పుకొన్న కట్టుబాటు.

తొమ్మిది వచ్చినప్పుడు కొంచెం జాగ్రత్త కావలెను. 3,962ను వందలకు సవరించమన్నారు అనుకొందాము. వందల స్థానంలో 9, కుడివైపున 6. తొమ్మిదికి ఒకటి కలిపితే పది. పది వందలు ఒక వెయ్యి గనుక ఆ ఒకటి వేల స్థానంలోకి చేరుతుంది. జవాబు 4,000. కూడికలో ఎక్కం వేసినట్లే ఇక్కడ కూడా వేయవలెను.

రెండు భాషలు, ఒకే భావము

భిలాయిలోని తెలుగు పిల్లలకు ఒక చిక్కు ఎదురవుతుంది. ఇంట్లో ‘ఇరవై తొమ్మిది’ అని నేర్చుకొన్న సంఖ్యను బడిలో హిందీలో ‘ఉన్తీస్’ అంటారు. తెలుగు పేరులో ఇరవై వేరుగా, తొమ్మిది వేరుగా వినబడతాయి. అంటే స్థాన విలువలు పేరులోనే తెలుస్తాయి. హిందీ పేరులో అట్లా విడివిడిగా వినబడవు గనుక నూటి వరకూ పేర్లు కంఠస్థం చేయవలసి వస్తుంది.

అయితే ‘ఉన్తీస్’లో మరొక విశేషం ఉన్నది. ‘తీస్’ అంటే ముప్పది. ‘ఉన్’ అనేది తక్కువ అనే అర్థం గల ‘ఊన’ శబ్దం నుంచి వచ్చింది. ముప్పదికి ఒకటి తక్కువ అని ఆ పేరుకు అర్థం. సంస్కృతంలో పందొమ్మిదిని ‘ఏకోనవింశతి’ అనడం కూడా ఇటువంటిదే. ఉన్నీస్, ఉన్తీస్, ఉన్తాలీస్, ఉన్చాస్, ఉన్సఠ్ అనే పేర్లు వరుసగా 19, 29, 39, 49, 59లకు దగ్గరి పది ఏదో చెబుతున్నవి. 89, 99ల పేర్లు మాత్రం ఈ పద్ధతిలో లేవు. తెలుగు పేరు సంఖ్యను విడదీసి స్థాన విలువను చూపుతుంది. హిందీ పేరు దగ్గరి పదిని చూపుతుంది. సవరింపుకు ఈ రెండు చూపులూ కావలెను. రెండు భాషలు తెలిసిన పిల్లవాడికి ఇది భారం కాదు, లాభమే. ఉపాధ్యాయులు ఈ పేర్లను పక్కపక్కన వ్రాయించి పిల్లల చేత చెప్పిస్తే పాఠం సులభంగా పట్టుబడుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

7,446ను వందలకు సవరించమంటే కొందరు పిల్లలు మొదట పదులకు సవరించి 7,450 అంటారు. తరువాత దానిని వందలకు సవరించి 7,500 అంటారు. ఇది తప్పు. వందలకు సవరించేటప్పుడు అసలు సంఖ్యలోని పదుల అంకెను, అంటే 4ను మాత్రమే చూడవలెను. సరియైన జవాబు 7,400. సవరించిన సంఖ్యను మళ్ళీ సవరించకూడదు.

రెండవ పొరపాటు లెక్క చేయక ముందే మరీ పెద్ద స్థానానికి సవరించడం. జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 2001లో 7,40,02,856 మంది, 2011లో 8,11,27,740 మంది. కోట్లకు సవరిస్తే ఇవి 7 కోట్లు, 8 కోట్లు. పదేండ్లలో పెరుగుదల కోటి అనిపిస్తుంది. లక్షలకు సవరిస్తే 740 లక్షలు, 811 లక్షలు; తేడా 71 లక్షలు. అసలు సంఖ్యలను తీసివేసి చూడండి: 71,24,884 వస్తుంది. కోట్ల లెక్క మనలను దాదాపు ఇరవై తొమ్మిది లక్షల మేరకు తప్పుదారి పట్టించింది.

సవరింపు మేలు చేసే చోటు కూడా ఇటువంటిదే ఒకటి ఉన్నది. 2011 జనాభా లెక్కలలో దేశ జనాభాను మొదట 1,21,01,93,422 అని ప్రకటించారు. తరువాత సరిచూసిన పట్టికలలో అది 1,21,08,54,977 అయింది. రెండు సంఖ్యలనూ కోట్లకు సవరిస్తే 121 కోట్లే. చివరి అంకెలు మారినా చెప్పవలసిన మాట మారలేదు.

ఎక్కడ సవరించకూడదు?

మరోదా బడి ఒకటి 208 మంది పిల్లలను విహారయాత్రకు తీసుకొనిపోదలచింది అనుకొందాము. ఒక్కొక్క బస్సులో 50 మంది కూర్చోవచ్చును. 208ని వందలకు సవరిస్తే 200. నాలుగు బస్సులు చాలుననిపిస్తుంది. బయలుదేరే ఉదయం నలుగు బస్సులూ నిండిన తరువాత ఎనిమిది మంది పిల్లలు గేటు వద్ద నిలబడి ఉంటారు. కాగితం మీద సున్నగా మారిన ఎనిమిది వీరే. ఇక్కడ దగ్గరి సంఖ్యతో పని లేదు. అయిదవ బస్సు పిలవవలసిందే. బస్సులు, భోజనాలు, మందులు, పుస్తకాలు – ఇవి మనుషులకు ఒక్కరొక్కరుగా అందవలసినవి. వీటి విషయంలో సవరించవలసి వస్తే పైకే సవరించవలెను.

ఒక ప్రాంతంలో ఒక భాష మాట్లాడేవారు 43,000 మంది ఉన్నారనుకొందాము. లక్షలకు సవరించిన పట్టికలో వారి ఎదుట సున్న పడుతుంది. నలభై మూడు వేల మంది పిల్లలూ పెద్దలూ ఉండి కూడా పట్టికలో లేనివారవుతారు. వారికి బడి కావాలా, పాఠ్యపుస్తకం కావాలా అన్న ప్రశ్న ఆ పట్టిక చూసేవానికి తోచదు. అనేక భాషలు, అనేక తెగలు గల మన దేశంలో పెద్ద సంఖ్యల పక్కన చిన్న సంఖ్యలను కూడా వాటికి తగిన స్థానంలో చూపవలసిన అవసరం ఇందువల్లనే కలిగింది.

క్రయవిక్రయాలలోనూ ఇంతే. మనం పైన చూసిన తరగతి పట్టాను వాడుకలో ‘60 కిలోల పట్టా’ అంటారు. దాని బరువు మీటరుకు 60.34 కిలోగ్రాములు. పిలవడానికి 60 చాలును. కాని 260 మీటర్లకు 60 చొప్పున లెక్కకడితే 15,600 వస్తుంది. అసలు బరువు కంటె 88 కిలోగ్రాములు తక్కువ. అటువంటి వెయ్యి పట్టాలకు ఈ తేడా 88 టన్నులు అవుతుంది. ఒక్క పట్టా దగ్గర చిన్నదిగా కనిపించిన తేడా వెయ్యింటి దగ్గర చిన్నది కాదు.

ఆర్యభటుడు ఇరవై వేలు వ్యాసంగా గల వృత్తానికి పరిధి 62,832 అని చెప్పి, అది ‘ఆసన్నం’ అన్నాడు. అంటే దగ్గరి విలువ అని అర్థం. దగ్గరి విలువను దగ్గరి విలువ అనే చెప్పడం గణితంలో నిజాయితీ. మనం కూడా సవరించిన సంఖ్యను చెప్పేటప్పుడు ‘సుమారు’ అనే మాటను విడువకూడదు.

అభ్యాసము

1. 4,826ను పదులకు సవరించండి.

2. 9,951ని వందలకు సవరించండి.

3. 8,349ని వందలకు సవరించండి. మొదట పదులకు సవరిస్తే ఏ తప్పు జవాబు వస్తుంది?

4. 2011లో దుర్గ్–భిలాయి నగర సముదాయపు జనాభా 10,64,222. దీనిని వేలకు, లక్షలకు సవరించండి.

5. 2011లో ఛత్తీస్‌గఢ్ జనాభా 2,55,45,198. దీనిని లక్షలకు, పది లక్షలకు సవరించండి.

6. 312 మంది పిల్లలకు, బస్సుకు 50 మంది చొప్పున, ఎన్ని బస్సులు కావలెను?

జవాబులు: 1) 4,830. 2) 10,000. 3) 8,300, తప్పు జవాబు 8,400. 4) 10,64,000, 11,00,000. 5) 2,55,00,000, 2,60,00,000. 6) ఏడు బస్సులు. ఆరు బస్సులే తెస్తే పన్నెండు మంది మిగిలిపోతారు.

ఈ లెక్కలు పూర్తి అయిన తరువాత మీ బడిలోని పిల్లల సంఖ్యను కనుక్కొని పదులకు, వందలకు సవరించండి. సవరింపులో ఎంతమంది చేరారో, ఎంతమంది తగ్గారో పక్కన వ్రాయండి. తగ్గినవారిలో మీరు గాని, మీ పక్కన కూర్చున్నవారు గాని ఉండవచ్చునని జ్ఞాపకం ఉంచుకొంటే, ఏ లెక్కకు ఏ స్థానం తగునో మీకే తెలుస్తుంది.