పురుగుమందు డబ్బాపై రంగు: దాని అర్థము

పురుగుమందు డబ్బాపై వజ్రాకారపు గుర్తు ఒకటి ఉండును. దాని క్రింది సగమున ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో ఏదో ఒకటి కన్పించును. ఈ రంగు ఎట్లు నిర్ణయింపబడునో పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

1927లో ట్రెవాన్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఔషధముల బలమును కొలుచుటకై ఒక పరీక్షను ప్రతిపాదించెను. ఎలుకల వంటి జంతువులను గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క మోతాదున మందు నిత్తురు. సగము జంతువులు మరణించు మోతాదును శరీరపు బరువు కిలోగ్రాము ఒక్కింటికి ఇన్ని మిల్లీగ్రాములని లెక్కగట్టుదురు. ఆ అంకె ఎంత చిన్నదైన, మందు అంత ప్రమాదకరము.

1958లో కేరళలో పరాథియాన్ కలిసిన ఆహారము తిని వందమందికి పైగా మరణించిరి. పిదప 1968లో క్రిమిసంహారక మందుల చట్టము, 1971లో నియమావళి వెలువడినవి. ఆ నియమావళి ప్రకారము నోటిద్వారా ఇచ్చిన మోతాదు:

50 వరకు ఎరుపు;
51 నుండి 500 వరకు పసుపు;
501 నుండి 5,000 వరకు నీలము;
ఆపైన ఆకుపచ్చ.

అయితే ఈ పరీక్ష ఒక్కమారు కడుపులోనికి పోయిన విషమునే కొలుచును. ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా సోకు విషమునకు వేరు పరీక్షలు గలవు. కనుక ఆకుపచ్చ గుర్తు ఉన్నను జాగ్రత్త మానరాదు.

2013 జూలైలో బీహారు రాష్ట్రపు సారణ్ జిల్లాలో బడి భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో ఎరుపుగుర్తు మందగు మోనోక్రోటోఫాస్ కలిసియుండెను. కావున ఖాళీ డబ్బాలలో నూనెగాని, నీరుగాని పోయకుండ వానిని పగులగొట్టించుట, బడి వంటసామగ్రి దాపున మందులు నిలువయుంచకుండ చూచుట, ఈ నాలుగు రంగుల అర్థమును గ్రామసభలో వివరించుట సభ్యుల విధియని మనవి చేయుచున్నాము.