సూది నుండి స్పీకరు దాకా: ఫోనో ప్రీ యాంప్లిఫయరు

నల్లటి గ్రామఫోను రికార్డును మీలో కొందరు చూసే ఉంటారు. పైకి చాలా గీతలు ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, నిజానికి ఒక వైపు ఉండేది ఒకే ఒక్క గాడి. అది బయటి అంచు నుండి లోపలికి చుట్లు చుట్టుకుంటూ పోతుంది. ఎల్.పి. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఒక వైపు 20 నిమిషాలు పాడితే ఎన్ని చుట్లో గుణించండి. దాదాపు 667! ఆ గాడిని దారంలాగా విప్పి పరిస్తే 400 మీటర్లకు పైనే ఉంటుంది.

గాడి గోడలకు ఉండే వంకరలే పాట. సూది గాడిలో నడుస్తూ ఆ వంకరల ప్రకారం వణుకుతుంది. సూదిని పట్టుకొని ఉండే భాగాన్ని కార్ట్రిడ్జి అంటారు. ఎక్కువ వాటిలో ఒక బుల్లి అయస్కాంతం, తీగచుట్టలు ఉంటాయి. సూదితో పాటు అయస్కాంతం కదిలితే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే.

మరి పుట్టే విద్యుత్తు ఎంత? సుమారు 5 మిల్లీ వోల్టులు. టార్చిలైటు సెల్లుకు 1.5 వోల్టులు, అంటే 1500 మిల్లీ వోల్టులు. సెల్లులో 300వ వంతు అన్నమాట! కానీ యాంప్లిఫయరులోని ఆక్స్ సాకెట్టుకు కొన్ని వందల మిల్లీ వోల్టులు కావాలి. ఆ లోటు తీర్చేదే ఫోనో ప్రీ యాంప్లిఫయరు. 5 మిల్లీ వోల్టులను సుమారు 100 రెట్లు పెంచి 500 చేస్తుంది. ఇది దాని మొదటి పని.

"పెంచడమే అయితే మైకు సాకెట్టులో పెడితే సరిపోదా?" అని నా పక్క మంచం వాడు అడిగాడు. మంచి ప్రశ్నే. శబ్దం పెద్దదవుతుంది గానీ కీచుమంటుంది. డోలు దెబ్బ వినబడదు. ఎందుకంటే ప్రీ యాంప్లిఫయరుకు రెండో పని ఉంది.

డోలు లాంటి మంద్ర స్వరాలకు గాడి బాగా అటూ ఇటూ ఊగాలి. అలాగే చెక్కితే, నాగలి పక్క చాలులోకి దూరినట్టు ఒక చుట్టు పక్క చుట్టులోకి దూరుతుంది. అందుకని రికార్డు తయారుచేసేటప్పుడే మంద్ర స్వరాలను తగ్గిస్తారు. సన్నటి స్వరాలను మాత్రం పెంచుతారు, లేకపోతే సూది చేసే బుసబుసలో అవి మునిగిపోతాయి. పాడించేటప్పుడు దీన్ని తిరగేయాలి. 1000 హెర్ట్జ్ దగ్గరి స్వరంతో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 9 రెట్లు పెంచాలి, 20,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు పదో వంతుకు తగ్గించాలి. సన్నటి స్వరాలతో పాటు బుస కూడా తగ్గిపోతుంది. ఎంత తేలిక ఉపాయమో చూడండి! మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 1954లో అమెరికా రికార్డింగు కంపెనీల సంఘం ఒకే లెక్క పెట్టింది. దాన్నే ఆర్.ఐ.ఎ.ఎ. వక్రం అంటారు.

ఇక అసలు సంగతి. మన సామాన్ల గదిలో ఒక రికార్డు ప్లేయరు, కొన్ని ఎల్.పి.లు ఉన్నాయి కదా. మైకుసెట్టు ఆక్స్ సాకెట్టుకు కలిపితే దోమ మూలిగినట్టు వినబడింది. "చెడిపోయింది, పాత ఇనుము కొట్టుకు ఇచ్చేద్దాం" అని అందరూ అంటున్నారు. దాని కార్ట్రిడ్జి అయస్కాంతం రకమేనని సైన్సు సారు చూసి చెప్పారు. స్పీకరు ఆపేసి సూది దగ్గర చెవి పెట్టి నేను విన్నాను. పాట సన్నగా వస్తోంది! అంటే గాడి బాగుంది, సూది కదులుతోంది. మైకుసెట్టులో సన్నగానైనా వచ్చిందంటే తీగచుట్టా తెగలేదు. లేనిదల్లా మధ్యలో ఉండాల్సిన ఆ చిన్న పెట్టె. వార్డెన్ సారుకు నా మనవి: అమ్మే ముందు ఒక్కసారి ప్రీ యాంప్లిఫయరు పెట్టి చూద్దాం సార్. ఆ పాటలన్నీ వేరే చోట దొరుకుతాయని ఎవరూ చెప్పలేరు. ఇనుము కొట్టుకు పోయాక ఎలాగూ తిరిగి రావు.

గుర్తుంచుకోండి:
1. ప్లేయరు నుండి వచ్చే ఎర్తు తీగను ప్రీ యాంప్లిఫయరుకు బిగించాలి. లేకపోతే 50 హెర్ట్జ్ కరెంటు "గుయ్యి" మంటుంది.
2. కొన్ని ప్లేయర్లలో ప్రీ యాంప్లిఫయరు లోపలే ఉంటుంది. దాన్ని వాడుతూ బయట ఇంకొకటి పెడితే శబ్దం బండబారి పగులుతుంది.
3. పాత చౌక ప్లేయర్లలో సిరామిక్ కార్ట్రిడ్జి ఉండేది. అదే వందల మిల్లీ వోల్టులు ఇస్తుంది, దానికి ఈ పెట్టె అక్కరలేదు.
4. ఫోనో అని రాసిన సాకెట్టులో సి.డి. ప్లేయరు పెట్టరాదు.

చెప్పుకోండి చూద్దాం: నిమిషానికి 45 చుట్లు తిరిగే రికార్డు ఒక వైపు 4 నిమిషాలు పాడితే మొత్తం ఎన్ని చుట్లు తిరుగుతుంది? జవాబు వచ్చే సంచికలో!